కరెంటు పనికి సంతకం ఎవరిది?

ఇల్లు కట్టుకునేవాళ్ళు ఇసుక ఎక్కణ్ణించి వచ్చిందో అడుగుతారు. సిమెంటు ఏ కంపెనీదో చూస్తారు. స్లాబు పోసే రోజు పొద్దున్నే వచ్చి ఇనుము లెక్క చూసుకుంటారు. కరెంటు పని దగ్గరకొచ్చేసరికి మాత్రం "తెలిసిన కుర్రాడేనండీ, పక్కింటివాళ్ళకూ అతనే చేశాడు" అన్న మాటతో సరిపెట్టేస్తారు. ఆ కుర్రాడు మంచి పనిమంతుడే కావచ్చు. కానీ అతని దగ్గర వైర్‌మన్ పర్మిట్ ఉందా? అతని పనిని చూసే సూపర్‌వైజర్ ఎవరు? చివర్లో టెస్ట్ రిపోర్టు మీద సంతకం పెట్టే కాంట్రాక్టరు అసలు ఆ ఇంటి గడప తొక్కాడా? ఈ మూడూ అడిగే యజమానులు చాలా అరుదు. ఈ రోజు ఆ మూడు కాగితాల గురించి, వాటి వెనకున్న ఖర్చుల గురించి మాట్లాడతాను.

ముందు చట్టం సంగతి. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమమని ఒకటి ఉండేది. 2003లో కొత్త విద్యుత్ చట్టం వచ్చింది. దాని కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు చేసింది, 2023లో వాటి స్థానంలో మళ్ళీ కొత్తవి తెచ్చింది. నిబంధనల అంకెలు మారాయి గానీ ఆ పాత నియమంలోని ఈ ఒక్క విషయం మాత్రం అలాగే నిలిచి ఉంది. వైరింగు పని, అది కొత్తదైనా, ఉన్నదానికి చేర్పైనా, మార్పైనా, మరమ్మతైనా సరే, రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన కాంట్రాక్టరే చేయించాలి. యోగ్యతా పత్రం ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి. పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేతులతో జరగాలి.

అయితే బల్బు మార్చుకోవడానికి కూడా కాంట్రాక్టరు కావాలా అని మీకు అనుమానం రావచ్చు. అక్కర్లేదు. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు, ఇంట్లో వాడే మామూలు పరికరాలు, వీటిని ఉన్నచోట ఉన్నట్టుగా మార్చుకోవడానికి చట్టమే వెసులుబాటు ఇచ్చింది. షరతు ఒక్కటే: ఆ మార్పు వల్ల వైరింగు సామర్థ్యం గానీ, స్వభావం గానీ మారకూడదు. పడగ్గదిలో పాడైన స్విచ్చు తీసి అలాంటిదే ఇంకొకటి బిగిస్తే ఇబ్బంది లేదు. అదే గదిలో చిన్న ప్లగ్గు పెట్టిన చోట పెద్ద ప్లగ్గు బిగించి, పాత సన్నని వైరు మీదే ఏసీ నడిపిస్తే, అది మరమ్మతు కాదు. వైరింగు స్వభావాన్నే మార్చేసినట్టు. వేసవిలో ఇలా కాలిపోయే బోర్డులు మన ఊళ్ళలో కొల్లలు. మనలో చాలామంది ఇది మామూలు విషయమనుకుంటాం, అందుకే దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇక ఆ కాగితాలు ఇచ్చేది ఎవరు? ఇక్కడ చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. కరెంటు బిల్లు వసూలు చేసే ఆఫీసే ఈ లైసెన్సులూ ఇస్తుందనుకుంటారు. అవి రెండూ వేరు. హైదరాబాదులోని టీజీఎస్పీడీసీఎల్, వరంగల్ నుంచి నడిచే టీజీఎన్పీడీసీఎల్, విశాఖలోని ఈపీడీసీఎల్, విజయవాడలోని సీపీడీసీఎల్, తిరుపతిలోని ఎస్పీడీసీఎల్, ఇవన్నీ కరెంటు సరఫరా చేసే సంస్థలు. కాంట్రాక్టరు లైసెన్సులు, సూపర్‌వైజర్ యోగ్యతా పత్రాలు, వైర్‌మన్ పర్మిట్లు ఇచ్చేది మాత్రం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డులు. అవి చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ యంత్రాంగంతో కలిసి పనిచేస్తాయి. సరఫరా సంస్థతో సంబంధం లేకుండా, భద్రత చూడడానికే ప్రభుత్వం నియమించిన అధికారులు ఈ ఇన్‌స్పెక్టర్లు. ఎక్కడైనా కరెంటు వల్ల ప్రాణం పోతే విచారణకు వచ్చేదీ వీళ్ళే. వచ్చి, ఈ వైరింగు ఎవరు చేశారని అడుగుతారు. ఆ సమయంలో చూపించడానికి ఒక పేరూ ఒక లైసెన్సు నంబరూ ఉండాలి.

లైసెన్సుల్లో గ్రేడులుంటాయి. కొందరు ఇళ్ళకూ దుకాణాలకూ వచ్చే మామూలు వోల్టేజి పనుల వరకే చేయాలి. ఇంకొందరు పదకొండు వేల వోల్టుల పనులూ, ఆ పైవీ చేయవచ్చు. ఇంటి పనికి పెద్ద గ్రేడు కాంట్రాక్టరు కావాలని లేదు. కానీ అపార్టుమెంటుకు ట్రాన్స్‌ఫార్మరు పెట్టే పనిని చిన్న గ్రేడు లైసెన్సుతో ఒప్పుకుంటే అది చెల్లదు. లైసెన్సుకు గడువుంటుంది. రెన్యువల్ చేయించుకోవాలి. కాబట్టి లైసెన్సు నకలు అడిగినప్పుడు రెండు చోట్ల వేలు పెట్టి చూడండి: గ్రేడు ఏమిటి, గడువు ఎప్పటివరకు.

ఇప్పుడు వైర్‌మన్ గురించి. ఈ పనిలో నిజంగా చెమటోడ్చేది అతనే. స్లాబు పోసే ముందు ఇనుము మధ్యలోంచి పైపులు పరిచేదీ, గోడలు కోసి గాడ్లు తీసేదీ, పొడవాటి స్ప్రింగు పంపి వైర్లు లాగేదీ అతనే. పట్టణాల్లో అతని రోజు కూలి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా ఉంటోంది, హెల్పరుకు అందులో సగమో, కొంచెం ఎక్కువో. ఏళ్ళ తరబడి ఈ పనే చేసి, బోర్డు విప్పగానే తప్పెక్కడుందో చెప్పగలిగే మనుషులు మన రాష్ట్రాల్లో వేలమంది ఉన్నారు. వాళ్ళలో ఎందరికో పర్మిట్ లేదు. అది వాళ్ళ అసమర్థత కాదు. పర్మిట్ ఎందుకు, ఎవరూ అడగరుగా అన్నది వాళ్ళ అనుభవం. అడగాల్సింది మనం. మనం అడగకపోబట్టే వాళ్ళకు అవసరం రాలేదు.

ఈ ప్రసంగం వింటున్న కుర్రాళ్ళలో ఈ పనిలో ఉన్నవాళ్ళుంటే వాళ్ళతో ఒక మాట. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్ళది. అది చదివినవాళ్ళకు పర్మిట్ దారి సులువు. చదవనివాళ్ళకు కూడా, అనుభవం చూపించి వైర్‌మన్ పరీక్షకు కూర్చునే దారి ఉంది. ఫీజులు పెద్ద భారం కావు, దరఖాస్తు కోసం తిరగడానికి పోయే కూలీ దినాలే అసలు ఖర్చు. అయినా సరే, ఆ నాలుగు రోజులు పోగొట్టుకోండి తమ్ముళ్ళూ. పర్మిట్ చేతిలో ఉంటే పెద్ద కాంట్రాక్టరు దగ్గర చేరవచ్చు, ఫ్యాక్టరీలో అడుగు పెట్టవచ్చు, గల్ఫుకు వెళ్ళే ఆలోచన ఉంటే అక్కడా అడిగేది సర్టిఫికెట్టునే. ప్రమాదం జరిగిన రోజున, నేను అర్హత ఉండే చేశానని నిలబడి చెప్పుకోగలిగేది కూడా దాని వల్లే.

కాంట్రాక్టరు వైపు నుంచి చూద్దాం. లైసెన్సు ఉన్నవాడు ఎందుకు ఎక్కువ అడుగుతాడని మనకు కోపం. అతని ఖర్చులు చూడండి. లైసెన్సు ఫీజూ రెన్యువలూ అలా ఉంచండి. యోగ్యతా పత్రం ఉన్న సూపర్‌వైజర్‌ను పెట్టుకోవాలి, అది నెలనెలా జీతం. పర్మిట్ ఉన్న వైర్‌మన్ ఉండాలి. పరీక్షా పరికరాలు సొంతంగా ఉండాలి: వైరు తొడుగు బలం చూసే మెగ్గర్, భూమి నిరోధం కొలిచే ఎర్త్ టెస్టరు, మల్టీమీటరు, టాంగ్ టెస్టరు. ఇవి ఒక్కొక్కటీ వేల రూపాయల వస్తువులు. ఏడాదికి ఇరవై లక్షల వ్యాపారం దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. ఇవన్నీ కలిసే ఆ రేటు. వీటిలో ఏదీ లేనివాడు తక్కువకు చేస్తానంటే, ఆ తగ్గిన డబ్బు ఏ పని మానేయడం వల్ల తగ్గిందో మనమే ఆలోచించుకోవాలి.

జీఎస్టీ అన్నాను కాబట్టి, ఇంటి యజమానులకు ఉపయోగపడే సంగతి ఒకటి. అపార్టుమెంటు సముదాయంలో భాగం కాకుండా విడిగా కట్టుకునే ఒక్క ఇంటికి, సామాను మీరే కొనిచ్చి, కేవలం కూలికే పని ఒప్పజెబితే, కొత్త నిర్మాణం విషయంలో ఆ కూలి మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. సామానూ కూలీ కలిపి కాంట్రాక్టుకిస్తే పద్దెనిమిది శాతం పన్ను పడుతుంది. వైర్లు, స్విచ్చుల మీద మీరు కొన్నా పద్దెనిమిది శాతమే. అందుకే సామాను తామే కొనుక్కుంటామనే యజమానులు ఎక్కువ. అది తప్పు కాదు. కాకపోతే లెక్క ముందే రాయించుకోండి. పాయింటుకింత అని కూలి మాట్లాడుకుంటే, పాయింటంటే ఏమిటో రాయాలి. లైటు పాయింటు, ఫ్యాను పాయింటు, ఏసీ పాయింటు ఒకటే రేటా? బ్రేకర్లుండే డీబీ బాక్సు బిగించడం అందులో ఉందా? ఎర్తు గుంట ఎవరిది? అడుగుకింత అని మాట్లాడుకున్నా ఈ ప్రశ్నలే. గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి, పని సగంలో ఆగిపోయేదీ ఇక్కడే.

ఖర్చు తగ్గించుకోవాలని చూస్తే చాలా ఇళ్ళలో ముందుగా పోయేది పచ్చ వైరు, అంటే ఎర్తు వైరు. కడుతున్న ఇళ్ళ దగ్గర ఈ మాటలు నేను వింటూనే ఉంటాను. "అన్నా, లైటు పాయింట్లకు కూడా ఎర్తు లాగమంటారా?" అని వైర్‌మన్ అడుగుతాడు. "దేనికిలే, ప్లగ్గులకు చాలు" అంటాడు యజమాని. రేపు అదే పాయింటుకు ఇనుప బాడీ ఉన్న ఫ్యానో, లైటో వస్తుంది. లోపల ఫేజు వైరు తొడుగు చిట్లి ఆ ఇనుముకు తగులుతుంది. తడి చేత్తో ముట్టుకున్న మనిషి ఒంట్లోంచే కరెంటు నేలకు దిగుతుంది. పచ్చ వైరుంటే ఆ కరెంటు దానిగుండా నేలకు పోయి బ్రేకరు పడిపోతుంది.

ఆ వైరు చివర ఎర్తు గుంట కూడా సరైనది ఉండాలి. ఇనుప పైపు పాతితే కనీసం రెండున్నర మీటర్ల పొడవుండాలని భారత ప్రమాణం ఐఎస్ 3043 చెబుతుంది. అడుగున్నర గొయ్యి తవ్వి కడ్డీ ముక్క గుచ్చి, పైన కాస్త ఉప్పు చల్లేసి ఎర్తింగు అయిందంటే నమ్మకండి. గుంట తవ్వేటప్పుడు దగ్గరుండి చూడండి. ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంకొకటి, ఆర్‌సీసీబీ. డీబీ బాక్సులో మామూలు బ్రేకర్లయిన ఎంసీబీల పక్కన, మీద చిన్న బటనుతో కనిపించే పరికరం అది. ఫేజులో వెళ్ళిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా లేకపోతే, అంటే ఎక్కడో ఎవరి ఒంట్లోంచో తడి గోడలోంచో కరెంటు కారిపోతుంటే, క్షణంలో సరఫరా ఆపేస్తుంది. ఇళ్ళకు ముప్ఫై మిల్లీ ఆంపియర్లది వాడాలి. ఎంసీబీ ఈ పని చేయదు; అది షార్టుకూ, అధిక లోడుకూ మాత్రమే. మనిషి ప్రాణం తీసే కరెంటు ఎంసీబీకి లెక్కలోకే రాదు. మామూలు ఇంటికి సరిపోయే ఆర్‌సీసీబీ సుమారు రెండు మూడు వేలలో వస్తుంది. మన దేశంలో ఏటా పన్నెండు వేలకు పైగా మనుషులు కరెంటు షాకుతో చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. ఇన్ని చావుల మధ్య రెండు మూడు వేల దగ్గర బేరమాడడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక అసలు విషయం, సంతకం. వైరింగు పూర్తయ్యాక కాంట్రాక్టరు టెస్ట్ రిపోర్టు ఇస్తాడు. దాని ఆధారంగా కొత్త సర్వీసుకు దరఖాస్తు వెళ్తుంది. ఈ రిపోర్టు చాలాచోట్ల ఒక లాంఛనంగా మారిపోయింది. ఇల్లు చూడకుండా, మెగ్గర్ పెట్టకుండా, ముందే స్టాంపు వేసిన కాగితం మీద కొంత డబ్బు తీసుకుని సంతకం పెట్టేసే పద్ధతి ఈ వృత్తిలో ఉంది. దాన్ని దాచడం నాకు చేతకాదు. వైర్‌మన్ ఒకరు, సంతకం ఇంకొకరిది, ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకపోవచ్చు. యజమానికి ఆ కాగితం విలువ తెలియదు కాబట్టి, త్వరగా వచ్చింది కదా అని సంతోషిస్తాడు. ఆ సంతకం కోసమే మీరు డబ్బు ఇస్తున్నారు. ఆ సంతకం అర్థం, ఈ వైరింగును నేను పరీక్షించాను, కరెంటు ఇవ్వవచ్చు అని.

పరీక్ష ఎలా చేస్తారో చెబుతాను, తెలిస్తే మీరే నిలబడి చూడవచ్చు. సరఫరా ఇంకా రాకముందు, బల్బులన్నీ తీసేసి, ప్లగ్గుల్లో ఏమీ లేకుండా చేసి, స్విచ్చులన్నీ ఆన్‌లో ఉంచుతారు. మెగ్గర్ తీగల్లో ఒకటి ఫేజుకు, ఇంకొకటి ఎర్తుకు పెడతారు. పాత రకమైతే హ్యాండిల్ తిప్పుతారు, కొత్త రకమైతే బటను నొక్కుతారు. ఐదు వందల వోల్టుల ఒత్తిడి వైరు తొడుగు మీద ఒక నిమిషం పడుతుంది. నిబంధనల్లో ఎప్పటినుంచో ఉన్న కనీస కొలత ఒక మెగోమ్. కొత్త వైరింగులో, అదీ పొడిగా ఉన్న గోడల్లో, అంకె దీనికంటే చాలా ఎక్కువే కనిపించాలి. ముల్లు కిందికి పడిపోతే ఎక్కడో ఒక మేకు వైరులోకి దిగిందనో, పైపులో నీళ్ళు నిలిచాయనో అర్థం. అలమరకో ఫోటోకో మేకు కొట్టిన చోటే తరచుగా దొరుకుతుంది. రంగులు వేయకముందు ఈ పరీక్ష చేయించుకుంటే గోడ ఒక్క చోట కోసి సరిచేయవచ్చు. రంగులయ్యాక తెలిస్తే పని రెండింతలు, ఖర్చూ రెండింతలు.

సర్వీసు కనెక్షను విషయానికొస్తే, దరఖాస్తు రుసుము, అభివృద్ధి ఛార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్టు అని మూడు రకాల చెల్లింపులుంటాయి. మీరు అడిగిన లోడును బట్టి మొత్తం మారుతుంది. రేట్లు ప్రతి డిస్కం, అంటే సరఫరా సంస్థ, వెబ్‌సైట్లోనూ ఉంటాయి, దళారి నోట వినక్కర్లేదు. లోడు తక్కువ చూపిస్తే ఛార్జీలు తగ్గుతాయని కొందరు సలహా ఇస్తారు. గీజరు ఒక్కటే రెండు కిలోవాట్లు, ఒకటిన్నర టన్ను ఏసీ ఇంకో కిలోవాటున్నర, మోటారు, మిక్సీ, ఐరన్ బాక్సు. ఇవన్నీ ఉన్న ఇంటికి ఒక కిలోవాటు రాయించుకుంటే తరువాత అదనపు లోడు నోటీసు ఎలాగూ వస్తుంది. కొత్త కనెక్షను ఎన్ని రోజుల్లో ఇవ్వాలో కూడా తెలుసుకోండి. 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం మహానగరాల్లో మూడు రోజులు, ఇతర పట్టణాల్లో ఏడు రోజులు, గ్రామాల్లో పదిహేను రోజులు, కొండ ప్రాంతాల గ్రామాల్లో ముప్ఫై రోజులు. దరఖాస్తు అన్ని కాగితాలతో పూర్తిగా ఉండాలి సుమా.

ఇంటికంటే పెద్ద పనుల్లో లైసెన్సు ఒక్కటే చాలదు. పదిహేను మీటర్ల ఎత్తు దాటిన భవనాలకూ, పదకొండు వేల వోల్టుల సర్వీసులకూ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి అనుమతి ఇవ్వాలి. నక్షాలు ముందే ఆమోదం పొందాలి. కల్యాణ మండపం, ఆసుపత్రి, స్కూలు కట్టేవాళ్ళు ఈ అనుమతులకు పట్టే రోజుల్ని తమ లెక్కలో వేసుకోకుండా ప్రారంభోత్సవం తేదీ ప్రకటించి, తరువాత ఒత్తిడి పెడతారు. ఆ ఒత్తిడి చివరికి కాంట్రాక్టరు మీద, అక్కణ్ణించి వైర్‌మన్ మీద పడుతుంది. వినాయక చవితి పందిళ్ళకు కూడా తాత్కాలిక కనెక్షను తీసుకోవాలి. స్తంభం మీద కొక్కెం వేసి లాగిన వైరు కింద పిల్లలు కూర్చుని భజన చేస్తుంటే చూడలేం.

పల్లెల్లో బోరు మోటారు దగ్గర సంగతి వేరే. ఫ్యూజు పోతే లైన్‌మన్ కోసం ఎదురు చూడలేక రైతే ట్రాన్స్‌ఫార్మరు దగ్గరకు వెళ్తాడు. ఎండిపోతున్న పొలం ముందు అతని ఆత్రం నాకు అర్థమవుతుంది. అయినా రైతు సోదరులారా, ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి స్విచ్చు లాగినంత మాత్రాన మూడు ఫేజులూ పోయాయని నమ్మకండి, ఒక బ్లేడు అతుక్కునే ఉండవచ్చు. 1912 అనే నంబరు ఉంది, ఏ డిస్కం పరిధిలోనైనా పనిచేస్తుంది, ఫోను చేయండి. మోటారు స్టార్టరు పెట్టె ఇనుముదైతే దానికి ఎర్తు తప్పనిసరిగా వేయించండి. పర్మిట్ ఉన్న వైర్‌మన్‌తో వేయించండి.

ఇప్పుడు కప్పుల మీద సోలారు పనులు జోరుగా సాగుతున్నాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు డెబ్బై ఎనిమిది వేల రూపాయల సబ్సిడీ వస్తుంది. ఇందులో కూడా నమోదైన సంస్థే బిగించాలి. ఎర్తింగు విషయంలో ఇంటి వైరింగు కంటే ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఎండ ఉన్నంతసేపూ ఆ పలకల వైర్లలో వోల్టేజి ఉంటూనే ఉంటుంది, మెయిను ఆపినా సరే.

ఇల్లు కడుతున్నవాళ్ళకు చివరిగా ఒక కోరిక. చివరి విడత డబ్బు ఇచ్చేముందు కాంట్రాక్టరు దగ్గర నాలుగు తీసుకోండి. ఆయన లైసెన్సు నకలు, పని చేసిన వైర్‌మన్ పర్మిట్ నకలు, మెగ్గర్ అంకే ఎర్తు అంకే రెండూ రాసిన టెస్ట్ రిపోర్టు, డీబీ బాక్సులో ఏ బ్రేకరు ఏ గదిదో రాసిన చీటీ. గోడలు మూయకముందు పైపులు ఎటుపోయాయో తీసిన ఫోటోలుంటే ఇంకా మంచిది, ఏ మేకు ఎక్కడ కొట్టకూడదో ఇరవై ఏళ్ళ తరువాత కూడా తెలుస్తుంది. వీటిని ఇంటి దస్తావేజులున్న ఫైలులోనే పెట్టండి. ఆ తరువాత నెలకొకసారి ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటను నొక్కండి. అది టక్కున పడిపోవాలి. పడిపోకపోతే ఆ రోజే వైర్‌మన్‌ను పిలిపించండి.